ఇడుపులపాయలో సముద్రం

"ఇడుపులపాయా? పోయినేడే చూసేశాం కదా, మళ్ళీ ఎందుకూ?"

ఈ మాట మీ ఇంట్లో ఎన్నిసార్లు విన్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఊరి పేరు మారుతుంది గానీ మాట మారదు. మనవాళ్ళకు ఊళ్ళు చూడటమంటే నెల సరుకుల చీటీలో టిక్కు పెట్టుకోవటం లాంటిది. ఒకసారి టిక్కు పడిందా, ఆ ఊరు అయిపోయినట్టే. ఇల్లాలు "మళ్ళీ అక్కడికే పోదాం" అంటే ఏదో ఒక మొక్కు చూపించాలి. ఊరికే వెళ్ళాలనిపించింది అంటే చెల్లదు!

ఈ వారం మీకు సముద్రం గురించి చెబుతాను. కడప జిల్లాకూ సముద్రానికీ ఏం సంబంధం అని నవ్వకండి. ముందు సముద్రంలో మునిగి లేచేవాళ్ళ సంగతి వినండి, తర్వాత మన ఊరికి వద్దాం.

స్కూబా డైవింగ్ అని టీవీలో చూసే ఉంటారు. వీపుకు సిలిండరు, నోట్లో గొట్టం, కాళ్ళకు బాతు పాదాల్లాంటి తొడుగులు. ఆ సిలిండరులో ఉండేది ఉత్త ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు, కాదు. మనం పీల్చే మామూలు గాలినే గట్టిగా అదిమి నింపుతారు. అందులో ఆక్సిజన్ అయిదో వంతే. పది మీటర్లు కిందికి దిగేసరికి ఒంటిమీద ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు అవుతుంది. చెవులు దిబ్బళ్ళు పడతాయి, ముక్కు మూసుకుని మెల్లగా ఊది సరిచేసుకోవాలి. ఏం జరిగినా ఊపిరి మాత్రం బిగబట్టకూడదు, అది అన్నిటికంటే పెద్ద నియమం. అయిదారు మీటర్ల లోతుకే ఎరుపు వెలవెలబోతుంది. ఇంకా దిగితే ఎర్రటి వస్తువు కూడా మట్టిరంగులో కనిపిస్తుందట.

మన విశాఖపట్నంలో ఋషికొండ దగ్గర నేర్పేవాళ్ళున్నారు. అండమాన్లకు వెళ్ళేవాళ్ళు హేవ్‌లాక్ దీవిలో నేర్చుకుంటారు. 2018 చివర్లో దాని పేరు స్వరాజ్ ద్వీప్ అని మార్చారు. అక్కడ తెలుగు మాట వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు, పోర్ట్ బ్లెయిర్‌లో మనవాళ్ళు తరాల నుంచీ ఉన్నారు. (2024 నుంచి ఆ ఊరు శ్రీ విజయపురం.) పదేళ్ళు నిండిన పిల్లల నుంచీ నేర్పుతారు. తొలిసారి పన్నెండు మీటర్లు మించి దింపరు, పక్కనే నేర్పేమనిషి పట్టుకుని ఉంటాడు. ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా దిగకూడదు, గర్భిణులు అసలే వద్దు. దిగి వచ్చాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. సెలవులకని ఆఖరి రోజున డైవింగ్ పెట్టుకుని, మర్నాడు పొద్దున్నే విమానానికి టిక్కెట్టు తీసుకునేవాళ్ళు ఈ ఒక్క మాట రాసిపెట్టుకోండి.

అసలు సంగతి ఇది కాదు. ఈ విద్యలో ముదిరినవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. ఏడాదికో కొత్త సముద్రం వెతుక్కోరు. చూసిన చోటికే మళ్ళీ మళ్ళీ వెళతారు. అదే దిబ్బ, అదే బండ, అదే ఇసుక.

ఎందుకో తెలుసా? మొదటిసారి దిగినవాళ్ళకు సముద్రం కనిపించదు. తమ ఊపిరి చప్పుడు వినిపిస్తుంది, గడియారం కనిపిస్తుంది, భయం కనిపిస్తుంది. రెండోసారి చేపలు కనిపిస్తాయి. అయిదోసారికి ఏ చేప ఏ బండ కింద కాపురం ఉంటుందో తెలుస్తుంది. నారింజరంగు మీద తెల్ల చారలుండే చిన్న చేపను పిల్లల సినిమాలో చూశారు గదా, అది ఊరూరా తిరిగే రకం కాదు. పువ్వులా విచ్చుకునే ఒక జీవి ఒడిలో ఇల్లు కట్టుకుని ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. ఆ ఇంట్లో ఆడచేపే పెద్ద, ఒంట్లోనూ పెత్తనంలోనూ! అది చచ్చిపోతే మగచేపే ఆడగా మారి ఆ స్థానం తీసుకుంటుంది. ఇంకోచోట చిన్న చేపలు పెద్ద చేపల ఒంటిమీది పురుగులు ఏరిపెట్టే 'కొట్టు' ఉంటుంది. పెద్ద చేపలు అక్కడికొచ్చి రేషను షాపు ముందు మనం నిలబడ్డట్టు నిలబడి వంతు కోసం చూస్తాయి. ఒకసారి వచ్చిపోయేవాడికి అది చేపల గుంపు, అంతే. పదోసారి వచ్చినవాడికి అది ఊరు.

ఇంకో సంగతి, ఇది బరువైనది. 2010లోనూ 2016లోనూ సముద్రపు నీళ్ళు మామూలుకన్నా వేడెక్కి అండమాన్లలో పగడపు దిబ్బలు తెల్లబడిపోయాయి. పగడానికి రంగూ తిండీ ఇచ్చేది దాని ఒంట్లో కాపురముండే నాచు. వేడికి పగడం ఆ నాచును బయటికి తోసేస్తుంది. నాచు మళ్ళీ చేరితే కోలుకుంటుంది, లేకపోతే చచ్చిపోతుంది. ఆ ఏడు తొలిసారి దిగినవాళ్ళలో కొందరికైనా ఆ తెలుపు చూసి ఎంత బావుందో అనిపించి ఉంటుంది. పాలరాతి తోటలా ఉంటుంది మరి. అంతకు ముందు రంగులతో చూసినవాళ్ళకు మాత్రమే గుండె గుభేలుమంటుంది. ఒకచోటు పాడైపోతోందని చెప్పగలిగేది అది బాగున్నప్పుడు చూసినవాళ్ళే.

ఇప్పుడు ఇడుపులపాయకు వద్దాం.

పులివెందుల వైపు వాళ్ళయినా, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వాళ్ళయినా ఇడుపులపాయ అంటే ఏం చూస్తారు? రాజశేఖరరెడ్డి గారి సమాధి, ట్రిపుల్ ఐటీ, నెమళ్ళు. అట్నుంచి గండి వీరాంజనేయస్వామి దర్శనం. సాయంత్రానికి ఇల్లు. పిల్లల్లో ఒకరు ట్రిపుల్ ఐటీలో చదువుతున్న తల్లులైతే ఏడాదికి నాలుగైదుసార్లు వస్తారు, గేటు దగ్గర ఊరగాయ సీసాలు అందించి వెళ్ళిపోతారు. అన్నిసార్లు వచ్చిపోయే మీలాంటి వాళ్ళకే ఈ మాట చెప్పాలని నాకు ఎన్నాళ్ళుగానో ఉంది. మీరు నిలబడేది ఒకనాటి సముద్రపు అంచున.

అతిశయోక్తి కాదు. కడప, కర్నూలు ప్రాంతాల్లో నెలవంక ఆకారంలో పెద్ద పల్లం ఒకటి ఉండేది. సుమారు 44 వేల చదరపు కిలోమీటర్లు. అందులోకి సముద్రం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. ఇసుకా బురదా పొరలు పొరలుగా పేరుకుని రాయి అయింది. ఇడుపులపాయ కొండలు, గండి కనుమ, వేంపల్లె, ఇవన్నీ ఆ పల్లానికి నైరుతి అంచు. పులివెందుల దగ్గర ఈ పొరల మధ్యకు కిందినుంచి కరిగిన రాయి చొరబడి గడ్డకట్టింది. దాని వయసు దాదాపు 188 కోట్ల ఏళ్ళని లెక్కగట్టి 2008లో ప్రచురించారు. అంటే దానికంటే కిందున్న వేంపల్లె రాయి అంతకంటే పాతది. చేపలు లేవు, చెట్లు లేవు, గడ్డిపరక కూడా లేదు అప్పటికి.

1872లో విలియం కింగ్ అనే దొర ఈ కొండలన్నీ తిరిగి పెద్ద గ్రంథం రాశాడు. అడుగున ఉన్న ఇసుకరాతి పొరకు గువ్వలచెరువు పేరు పెట్టాడు, దాని పైనున్న సున్నపురాతి పొరకు వేంపల్లె పేరు పెట్టాడు. మనం పాలకోవా కొనుక్కునే గువ్వలచెరువే! ప్రపంచంలో ఏ మూల భూగర్భశాస్త్రం చదివేవాడైనా కడప రాళ్ళ గురించి చదివితే ఆ పేరు పలకాల్సిందే. మనం మాత్రం కోవా పొట్లం కట్టించుకుని ఘాటు దిగిపోతాం.

సరే, సముద్రం ఉండేదనటానికి గుర్తేమిటి?

మీ పెరట్లో నీళ్ళతొట్టి గోడకు పాచి పడుతుంది గదా. జిగటగా ఉంటుంది, దుమ్ము పడితే అంటుకుంటుంది. దుమ్ము కప్పేస్తే పాచి ఊరుకోదు, వెలుగు కోసం దాని పైకి వచ్చి మళ్ళీ పరుచుకుంటుంది. మళ్ళీ దుమ్ము, మళ్ళీ పాచి. లోతు తక్కువున్న ఆ సముద్రంలో పాచిలాంటి సూక్ష్మజీవులు సరిగ్గా ఇదే పని చేశాయి. పొర మీద పొర పేరుకుని గుండ్రటి దిబ్బలయ్యాయి, ఆ దిబ్బలు రాళ్ళయ్యాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. నోరు తిరగకపోతే 'పాచిరాళ్ళు' అనుకుందాం, మనకేం! ఇలాంటివి బతికి పెరిగే చోట్లు ఇప్పుడు ప్రపంచంలో చాలా తక్కువ. పడమటి ఆస్ట్రేలియాలో షార్క్ బే అనే చోట ఉన్నాయి. అక్కడ అవి ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు.

ఈ పాచి ఇంకో ఉపకారం చేసింది. వెలుగు తిని ఆక్సిజన్ వదిలింది. భూమ్మీద గాలిలో మొదట ఆక్సిజన్ నింపింది ఈ జాతి జీవులే. ఋషికొండలో దిగేవాళ్ళ వీపున సిలిండరులో ఉన్న గాలి కథ కూడా ఇలాంటి రాళ్ళ దగ్గరే మొదలవుతుందన్నమాట.

వీటిని ఎలా గుర్తుపట్టాలి? వేంపల్లె చుట్టుపక్కల బూడిదరంగు సున్నపురాతి బండలు చూడండి. పైనుంచి చూస్తే ఎర్రగడ్డను అడ్డంగా కోసినట్టు ఒకదానిలో ఒకటి చుట్లు. పక్కనుంచి విరిగి ఉంటే క్యాబేజీని నిలువునా కోసినట్టు వంపు తిరిగిన పొరలు. ఒక్కోచోట బురద ఎండి పగిలిన బీటలు అలాగే రాయిలో ఉండిపోయాయి, మొన్న వేసవిలో ఎండిన చెరువు అనుకుంటారు చూస్తే. గండి వైపు ఇసుకరాతిలో ఇంకో రకం చూడాలి. ఏట్లో నీళ్ళు తీశాక ఇసుక మీద అలల చారలుంటాయే, ఆ చారలు. అడుగు పొరలో నున్నటి గులకరాళ్ళు శెనక్కాయల పట్టీలో పలుకుల్లా ఇరుక్కుని ఉంటాయి. ఆనాటి అలలో ఏళ్ళో వాటిని దొర్లించి దొర్లించి నున్నగా చేశాయి.

ఇంట్లోనూ ఆ సముద్రం ఉంది. మా వైపు బోరు నీళ్ళు కాచిన గిన్నెకు అడుగున తెల్లగా గారకడుతుంది. సున్నపురాయిలోంచి కరిగివచ్చిన కాల్షియం, మెగ్నీషియం అవి. చింతపండు నానేసి పది నిమిషాలుంచి రుద్దితే వదిలేస్తుంది. మీ వంటింటి గట్టు నల్లటి కడప బండ అయితే దాని మీద నిమ్మరసం, చింతపండు పులుసు పడినప్పుడు వెంటనే తుడిచేయండి. లేకపోతే ఆ మేర మెరుపు పోయి మచ్చ పడుతుంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల నుంచి వచ్చే ఆ బండ కూడా సముద్రంలో పేరుకున్న సున్నపురాయే, వేంపల్లె రాయికి చాలా తర్వాతి తరం. పులుపుకూ సున్నానికీ పడదు. భూగర్భశాస్త్రం వాళ్ళు కూడా కొండమీద రాయి సున్నపురాయో కాదో తేల్చటానికి చుక్క ఆమ్లం వేసి నురగ వస్తుందా అని చూస్తారు. వాళ్ళ పరీక్షా మన గట్టు మీది మచ్చా ఒకటే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం, "మళ్ళీ ఎందుకూ?" అన్నదానికి.

ఎందుకంటే ఈ రాళ్ళు ఒకపూట కనిపించి ఇంకోపూట కనిపించవు. మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తిమీదుంటే అలల చారలన్నీ మాయమైపోతాయి, ఉత్త బండ మిగులుతుంది. పొద్దున ఎనిమిదికో, సాయంత్రం నాలుగు దాటాకో ఎండ ఏటవాలుగా పడితే ప్రతి చారకూ నీడ వచ్చి బండ మొత్తం అలలు లేచినట్టు ఉంటుంది. పాచిరాళ్ళ సంగతి వేరు. అవి పొడిగా ఉంటే బూడిదరంగులో కలిసిపోతాయి, వాన పడి తడిస్తే చుట్లు తేలతాయి. ముగ్గుపిండి ఆరాక తెల్లబడితే ఇవి తడిశాక తేటబడతాయి, అంతే తేడా. వానల తర్వాత గడ్డి పెరిగి సగం కప్పేస్తుంది. ఎండాకాలం పాపఘ్ని ఇసుక బయటపడి ఏటి మధ్య బండలు చూడవచ్చు. కాబట్టి ఒక్క టిక్కుతో తేలే వ్యవహారం కాదు. తక్కువలో తక్కువ ఏడాదికి మూడు కాలాల్లో మూడుసార్లు వెళితే గానీ ఆ ఒక్క బండా పూర్తిగా చూసినట్టు కాదు.

డైవింగ్ చేసేవాళ్ళ దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. దిగిన ప్రతిసారీ తేదీ, చోటు, లోతు, ఎంతసేపు ఉన్నారు, నీళ్ళు తేటగా ఉన్నాయా, ఏం కనిపించాయి, అన్నీ రాసుకుంటారు. మనం పాలలెక్క రాయమా, చాకలి పద్దు రాయమా? ఆ చేత్తోనే ఒక నలభై పేజీల నోటుబుక్కులో గండి పేరు రాసి మొదలుపెట్టండి. తేదీ, వేళ, ఎండా మబ్బా, ఏట్లో నీళ్ళున్నాయా, ఏ బండ చూశారు, దానికి గుర్తేమిటి. 'వేపచెట్టు పక్కన బండ', 'మెట్ల వంటి బండ' అని మీరే పేర్లు పెట్టుకోవచ్చు, కింగు దొరకు ఒక్కడికేనా హక్కు? పిల్లలుంటే బొమ్మ గీయమనండి. ఫోనులో ఫొటో తీసినా సరే, పక్కన గాజో పెన్నో పెట్టి తీయండి, సైజు తెలుస్తుంది. మూడేళ్ళ తర్వాత ఆ పుస్తకం తీసి చూడండి.

వాళ్ళ నియమాలు రెండు మనకూ పనికొస్తాయి. ఒకటి, దేన్నీ ముట్టి విరగ్గొట్టరు, తీసుకురారు. పగడపు ముక్క తేవటం మన దేశంలో చట్టరీత్యా నేరం కూడా. పాచిరాయి పూజగదిలోకి బావుంటుందని సుత్తితో కొట్టేవాళ్ళుంటారు, వద్దు. అది అక్కడున్నప్పుడే కథ చెబుతుంది, మీ అలమారలో పెట్టాక ఉత్త రాయి. రెండోది, ఒంటరిగా దిగరు, జంట ఉండాల్సిందే. పాపఘ్ని ఏటిలో పైకి ఇసుక సమంగా కనిపించినా నీళ్ళున్నప్పుడు ఎక్కడ గుంత ఉందో తెలియదు. పైనెక్కడో వాన పడితే ఇక్కడ మబ్బు లేకపోయినా నీళ్ళొస్తాయి. పిల్లలను ఏటి ఒడ్డున వదిలి మీరు రాళ్ళు చూడకండి. తుమ్మలపల్లె వైపు ఇదే రాతి పొరలో యురేనియం గని ఉంది, అటు గని సరిహద్దుల్లోకి ఈ పేరుతో వెళ్ళవద్దు.

ఇదంతా ఎందుకు, రాళ్ళు ఎక్కడికి పోతాయి అంటారేమో. పోతాయి. రోడ్డు వెడల్పు చేస్తే పోతాయి, కంకర కొడితే పోతాయి, పునాదికి మట్టి తీస్తే పోతాయి. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర జామర్‌కోట్రాలోనూ చిత్తోడ్‌గఢ్ దగ్గర భోజుండాలోనూ ఇలాంటి పాచిరాళ్ళను జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా ప్రకటించి గుర్తింపు ఇచ్చారు. 2022 వరకూ మన జిల్లాలోనే ఉన్న మంగంపేట ముగ్గురాయికీ, తిరుమలలో శిలాతోరణానికీ అలాంటి గుర్తింపు ఉంది. తిరుమల ఘాట్ రోడ్డులో పాత గ్రానైటు మీద సముద్రపు ఇసుకరాయి కూర్చున్న గీత కూడా ఆ జాబితాలోదే. ప్రతి ఏటా దాని పక్కనుంచే బస్సులో వెళతాం. గుర్తింపు లేనిచోట రాయి పోయిందని చెప్పటానికి కూడా ఒక మనిషి ఉండాలి. 'మెట్ల వంటి బండ పోయిన శ్రావణంలో ఉంది, ఇప్పుడు లేదు' అని తేదీతో సహా చెప్పగలిగినవాళ్ళు ఊరికి ఒక్కరున్నా చాలు. ఆ ఒక్కరూ ఎవరింటి ఇల్లాలో అయితే ఎంత బావుంటుంది!

మగవాళ్ళు "రాళ్ళు చూడటానికి పెట్రోలు ఖర్చా" అంటారు, తెలుసు. దర్శనానికని చెప్పండి, అబద్ధం కాదు గదా. స్వామి దగ్గర ఒక గంట, బండల దగ్గర ఒక గంట. జొన్నరొట్టె, శెనక్కాయల పొడి కట్టుకుంటే హోటలు ఖర్చు లేదు, ఎండకు పాడవవు. పెరుగన్నం మాత్రం పొద్దున్న కలిపితే మధ్యాహ్నానికి పులుస్తుంది, పాలు ఎక్కువ పోసి చెంచాడు పెరుగు వేసి తీసుకెళ్ళండి, తినే వేళకు సరిగ్గా తోడుకుంటుంది.

శ్రావణ శనివారాలు గండిలో జనం తోసుకుంటారు, పార్కింగు దొరకదు, కొబ్బరిచిప్పల మీద కాలు జారుతుంది. అయినా ఆ నెలే మొదలుపెట్టమంటాను, రాయి తడిసి ఉంటుంది కాబట్టి. తెల్లవారుజామున దర్శనం ముగించుకుని, ఎండ ముదరకముందే వేంపల్లె దారిలో ఒకచోట బండి ఆపించండి. ఒక సీసాడు నీళ్ళు అదనంగా పెట్టుకోండి, వాన లేకపోతే రాయి మీద మనమే పోసుకుందాం.